మూడో ప్రమాద హెచ్చరిక: నా దెయ్యం నవల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొట్లో కొబ్బరికాయ లెక్కపెడుతుంటే అడుగుతారు, పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీలోంచి అడుగుతారు, ఏటిగట్టు మీద బండి ఆపి మరీ అడుగుతారు, "ఏరా అబ్బాయ్, నీ దెయ్యాల పుస్తకం ఇంకా అవ్వలేదేటి?" అని. విడివిడిగా చెప్పీ చెప్పీ ఒకరికి చెప్పిందే మళ్ళీ చెప్తున్నా, ఇంకొకరికి చెప్పకూడనిది చెప్పేస్తున్నా. అందుకే ఒక్కసారి కూర్చుని అన్నీ రాసేస్తున్నా. వరస ఉండదు, గుర్తొచ్చినట్టు ఉంటది.

ఇంతకీ ఏం రాస్తున్నావు?

నవలండి. హారర్. పేరు "మూడో ప్రమాద హెచ్చరిక". పేరు చెప్తే మా ఫ్రెండొకడు "ఇరిగేషనోళ్ళ కాగితంలా ఉందిరా" అన్నాడు, నాక్కావాల్సిందీ అదే. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం చూసి చెప్తారు కదా, 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. బయటోళ్ళకి అవి అంకెలు. ఏటి మధ్య లంకల్లో పుట్టినోళ్ళకి మొదటిదంటే గొడ్లని గట్టు మీదకి తోలడం, రెండోదంటే బియ్యం అటక మీద పెట్టడం, మూడోదంటే ఇంక మాట్లాడుకోవడం మానేసి నీళ్ళకేసి చూస్తూ కూర్చోడం. నవల మూడు భాగాలు, మూడింటికీ ఆ అడుగులే పేర్లు.

కథ 1986 ఆగస్టు వరదలో. ఆ యేడు భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, పెద్దాళ్ళు ఇప్పటికీ వయసులు దాన్ని బట్టే చెప్తారు, "ఎనభయ్యారు వరదప్పటికి చంటిపిల్లాడు" అని. నేను రాసే లంక మాత్రం మ్యాపులో ఉండదు, నేను కట్టుకున్నది. ఊళ్ళో ఒక్కటే డాబా. మూడో హెచ్చరిక రాత్రి దాని మీదకి పదిహేడుమంది ఎక్కుతారు. మూడు రాత్రుల తర్వాత పడవ వస్తే పద్దెనిమిదిమంది దిగుతారు. కొత్తమొహం ఒక్కటీ లేదు. అందరికీ అందరూ తెలుసు, అందరూ చుట్టాలే, ప్రతీవాళ్ళకీ ఇల్లూ పేరూ పెళ్ళాం పిల్లలూ ఉన్నారు, ఎవర్ని తీసేద్దామన్నా "అదేంటి, వాడు మన ఫలానా వాళ్ళ మూడోవాడు కదా" అంటారు. కానీ లెక్క పద్దెనిమిది.

అదీ సంగతి.

ఈ ఐడియా ఎక్కడ దొరికింది?

మా ఇంట్లోనే. మా నాన్న, మా బాబాయి, మా పెద్దత్త ముగ్గురూ ఆ వరదలో ఒకే డాబా మీద రెండు రాత్రులు ఉన్నారు. చిన్నప్పట్నుంచీ వింటున్న కథే, బెల్లం ముక్కలూ తడిసిన అటుకులూ తిన్నారనీ, కింద గొడ్లచావిట్లో నీళ్ళ శబ్దం వినపడేదనీ. లాక్‌డౌన్లో పని లేక కూర్చున్నప్పుడు ఊరికే అడిగా, ఎంతమంది ఉన్నారు నాన్నా అప్పుడు అని. పద్నాలుగు అన్నాడు. బాబాయి ఫోన్లో పదహారు అన్నాడు. పెద్దత్త వేళ్ళు ముడిచి, పేర్లు చెప్పుకుంటూ పదిహేను అంది, మళ్ళీ ఆగి "మరి ఆ పిల్ల ఎవరిదే?" అంది తనలో తనే. ఏ పిల్ల అత్తా అంటే గుర్తు రాట్లేదంది. ఎర్రచారల గౌను వేసుకుందంట, అంతే.

వయసు మీద పడ్డ మనుషులు, ముప్పై ఏళ్ళు దాటిన మాట, లెక్క తప్పడం పెద్ద విషయం కాదు. నాకూ తెలుసు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పద్దు పుస్తకం వెనక పేజీలో రాసుకున్నా: ఎక్కింది 17, దిగింది 18. అక్కడ మొదలు.

లెక్కలు రాసే గుమస్తావి, నీకు దెయ్యాలేంటి?

ఇది అందరికంటే ఎక్కువగా మా షావుకారు గారు అడుగుతారు. నేను కోనసీమలో, అంబాజీపేటలో కొబ్బరి కమీషన్ కొట్లో గుమాస్తా. పొద్దున్నించి రాత్రి దాకా ఎన్ని కాయలొచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని కుళ్ళు, ఎన్ని మొలక, ఎవరికెంత బాకీ. నా భయమంతా అక్కడే ఉందండీ. రాత్రి కొట్టు కట్టే టైముకి పద్దులో ఒక్క కాయ తేడా వచ్చిందనుకోండి, తక్కువొస్తే బాధ లేదు, దొంగతనమో పొరపాటో అనుకుంటాం. ఒక కాయ ఎక్కువొస్తే? అది ఎక్కడ్నించి వచ్చింది? పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నా, తక్కువొచ్చిన రోజు తిట్లు తిని పడుకున్నా, ఎక్కువొచ్చిన రోజు మాత్రం ఇంటికెళ్ళి మళ్ళీ మళ్ళీ కూడుకుంటూనే ఉంటా.

ఇంకోటి. మా తాతయ్య ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు. పాతోళ్ళందరూ అలాగే కొలిచేవారు, మీ ఇళ్ళల్లో కూడా వినే ఉంటారు. ఏడు కూడా అనేవాడు కాదు, ఏడుపు మాటని. "ఆరున్నొకటి" అనేవాడు. నవల్లో ఒక ముసలాయన రోజూ తెల్లారగానే డాబా మీదోళ్ళని అలాగే లెక్కపెడతాడు, లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి... మూడో రోజు తెల్లారగట్ల ఆయన నిద్రలో ఉండగా ఎవరో చిన్నగొంతుతో లెక్కపెడుతూ ఉంటారు, ఆరు తర్వాత "ఏడు" అంటుంది ఆ గొంతు. శుభ్రంగా, పలికి మరీ. ఆ అధ్యాయం రాసిన రోజు నేను బాత్రూంకి వెళ్ళడానికి మా ఆవిడని లేపాను, దాచడం ఎందుకు.

మీరు దెయ్యాన్ని చూశారా?

లేదు. మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళని చూసినవాళ్ళు మాత్రం వీధికి పదిమంది ఉంటారు.

నమ్ముతావా అని వెంటనే ఇంకో ప్రశ్న. పగలు నమ్మను. రాత్రి ఏటిగట్టు మీద బండి మీద వస్తుంటే మురుగుకోడు పక్కన కప్పలు అరుస్తా ఉంటాయి కదా చెవులు పగిలేలా, అవి ఒక్కసారిగా ఆగిపోతాయి చూడండి, అన్నీ కలిసి, ఎవరో చెయ్యెత్తినట్టు. అప్పుడు నమ్ముతాను. రెండు ఫర్లాంగులు నమ్ముతాను, తర్వాత టీకొట్టు లైటు కనపడగానే మానేస్తాను.

చిన్నప్పుడు బాగా భయపడింది దేనికి?

రెండున్నాయి, రెండూ దెయ్యాలు కావు.

మొదటిది 1995 జనవరి 8, పాశర్లపూడి బ్లోఅవుట్. గ్యాస్ బావి తవ్వుతుంటే అదుపు తప్పి అంటుకుంది, 65 రోజులు మండింది, మార్చి 15కి గానీ ఆర్పలేకపోయారు. మా ఊరు అక్కడికి ఆరేడు కిలోమీటర్లు. నాకప్పుడు ఆరున్నొక్క ఏళ్ళు. అందరూ మంట గురించే చెప్తారు, నాకు గుర్తున్నది మంట కాదు, చీకటి పడకపోవడం. రాత్రి పదింటికి కూడా మా పెరట్లో కొబ్బరిచెట్ల నీడలు పడేవి, కదుల్తూ, నారింజ రంగులో. కోళ్ళు అర్ధరాత్రి కూసేవి. నేల లోంచి ఒక హోరు, ఆగకుండా, నిద్రలో కూడా. మొదట్లో జనం తిరనాళ్ళకెళ్ళినట్టు చూసొచ్చారు, తర్వాత్తర్వాత ఎవరూ మాట్లాడుకునేవారు కాదు దాని గురించి. ఆరిపోయిన రాత్రి అసలైన చీకటి వచ్చింది, హోరు లేదు, అప్పుడు ఏడ్చానంట నేను, అమ్మ చెప్పింది. దీని మీద ఒక కథ రాసి పెట్టుకున్నా, నీడలు మంట ఆరాక కూడా పోని ఇల్లు గురించి. నవల తర్వాత ఇస్తాను చదవడానికి.

రెండోది ఆ మరుసటి యేడు, 1996 నవంబర్ 6 తుఫాను. గాలి గురించి అందరికీ తెలుసు, ఎంతమంది పోయారో కూడా తెలుసు, సముద్రం మీదకెళ్ళిన వేటగాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో బైరవపాలెం వైపు వెళ్తే ఇప్పటికీ చెప్తారు. నేను పొద్దున్న తలుపు తీసి చూసింది చెప్తాను. ఆకాశం ఎక్కువైపోయింది. మా ఊళ్ళో ఆకాశం ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా కమ్మల మధ్యలోంచి కనపడేది, ఆ రోజు మొత్తం కనపడింది. చెట్లు కొన్ని పడిపోయాయి, కొన్ని మొవ్వు తెగి మొండిగా నిలబడ్డాయి, తలలేని మనుషులు బారులు తీరినట్టు, తోట తోటంతా. మా తాతయ్య వాటి కేసి చూసి లెక్క పెట్టలేదు. ఆయన లెక్క పెట్టకపోవడం నేను చూడ్డం అదొక్కసారే.

ఎవరిని చదివి ఇలా తయారయ్యారు?

మా మామ్మ. చదువు రాదు ఆవిడకి. కరెంటు పోతే అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేది, కొరివిదెయ్యాలు రేవు దగ్గర ఒకదానికొకటి నిప్పిచ్చుకోవడం, పంటు మీద ఏరు దాటేటప్పుడు కాళ్ళు వెనక్కి తిరిగిన ఆడమనిషి చిల్లర లేదనడం. ఆవిడ గొప్పతనం ఏంటంటే భయపెట్టే చోట గొంతు పెంచేది కాదు, తగ్గించేది. మనం ముందుకి వంగాలి వినాలంటే. వంగిన తర్వాత ఏమీ చెప్పేది కాదు, "పొద్దుపోయింది పడుకోండి" అనేది. దుర్మార్గం.

చదవడం అంటే మా పిన్ని దగ్గర. ఎనభైల్లో వీక్లీల్లో క్షుద్ర నవలలు సీరియల్గా తెగ వచ్చేవి కదా, పిన్ని ఆ పేజీలు చింపి సూదీ దారంతో కుట్టి పుస్తకం చేసుకునేది. అలాంటివి ఒక ట్రంకు పెట్టెడు. కుట్టినవాటిలో ఏదో ఒక వారం ఉండేది కాదు, పక్కింటావిడ తీసుకెళ్ళి ఇవ్వలేదనో, పకోడీ పొట్లం అయిపోయిందనో. రెండు మూడింటికైతే ఆఖరి వారమే లేదు. మంత్రగాడు ముగ్గులో కూర్చున్నాడు, తలుపు చప్పుడైంది, అయిపోయింది. నేను పడుకుని మిగతాది కట్టుకునేవాణ్ణి, రోజుకో రకంగా. పెద్దయ్యాక అద్దె లైబ్రరీలో ఒకదాని అసలు ముగింపు దొరికింది, చదివితే ఇదేంటి ఇంతేనా అనిపించింది, నాదే బావుంది. రచయితనవ్వాలన్న పొగరు ఆ రోజు పుట్టింది.

ఇంకా బేతాళ కథలు, మా అందరికీ ఉన్నట్టే. శవం భుజాన వేసుకుని నడుస్తుంటే అది కథలు చెప్తుందన్న ఊహ ఉంది చూడండి, పిల్లల కథ పేరు మీద చెల్లిపోయింది కానీ ఎంత భయంకరం అది.

నవల్లో చేతబడి, చిల్లంగి ఉంటాయా?

ఉండవు. దీనికి కొంచెం పెద్ద జవాబు.

మా వీధి చివర ఒకావిడ ఉండేది, భర్త లేడు, పిల్లల్లేరు, పెరట్లో కూరగాయలు పండించి అమ్ముకునేది. ఎవరి పిల్లాడికి జ్వరమొచ్చినా, ఎవరి గేదె పాలు ఎండినా ఆవిడ చూపే అనేవారు, చిల్లంగిది అనేవారు ఆవిడ వినేటట్టే. మేం పిల్లలం ఆ ఇంటి ముందు ఊపిరి బిగబట్టి పరిగెత్తేవాళ్ళం, సరదాగా ఉండేది మాకు. ఆవిడ ఎప్పుడు ఊరొదిలి వెళ్ళిపోయిందో కూడా గమనించలేదు మేము. ఆవిడ నయం, చిల్లంగి పెట్టారని అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు పేపర్లో ఎన్ని చదవలేదు మనం, చచ్చిపోయినోళ్ళు ఎవరో చూడండి, ముసలోళ్ళు, ఒంటరి ఆడోళ్ళు, ఎవరూ లేనోళ్ళు. అలాంటప్పుడు నేను నా నవల్లో ఒక ఒంటరి ఆడమనిషిని పెట్టి, ఊరంతా అనుమానపడి, చివరికి నిజంగానే ఆవిడ మంత్రగత్తె అని తేల్చాననుకోండి, ఆ పేపర్లో వార్తకి నేను సాక్షి సంతకం పెట్టినట్టే. పిన్ని ట్రంకు పెట్టెలో సగం నవలలు ఆ పనే చేశాయి. వాటిని ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తాను, కానీ ఆ పని చెయ్యను.

నా నవల్లో కూడా లెక్క ఎక్కువొచ్చిందని తెలియగానే డాబా మీదోళ్ళు అదనపు మనిషి ఎవరా అని వెతకడం మొదలెడతారు. మొదట ఎవరి మీద చెయ్యి పడుతుందో ఊహించుకోండి. రెండో రాత్రి అంతా అదే. నీళ్ళలోకి తోసేద్దామనే దాకా వెళ్తారు. దెయ్యం కంటే ఆ రాత్రి రాయడానికే ఎక్కువ భయమేసింది నాకు, ఎందుకంటే తోసేద్దామన్న మనుషుల మాటలు రాయడానికి నేను ఆగి ఆలోచించాల్సిన పని లేకపోయింది, చిన్నప్పుడు విన్నవే.

ఎంతవరకు వచ్చింది?

నిజం చెప్పాలా. మొదటి డ్రాఫ్టు 62 వేల మాటలు. అందులో దెయ్యం మూడో పేజీలోనే కనపడిపోయేది, జుట్టు విరబోసుకుని, ఛీ. మొత్తం తీసేశా. రెండో డ్రాఫ్టు సగంలో ఉండగా ఫోన్ జేబులోంచి కాలవలో పడింది, గన్నవరం అక్విడక్టు దాటాక బండి ఆపి ఫొటో తీద్దామని వంగాను, అంతే, తొమ్మిది వేల మాటలు కాలవ పాలు. అప్పట్నుంచి రాసిందల్లా మా ఆవిడకి మెయిల్ చేస్తున్నా, ఆవిడ చదవదు, అది వేరే విషయం.

ఇప్పుడు మూడో డ్రాఫ్టు. 23 అధ్యాయాల్లో 16 అయ్యాయి. రెండో రాత్రి అయిపోయింది. మూడో రాత్రి దగ్గర నాలుగు నెలలుగా ఇరుక్కుపోయి ఉన్నా. ఇబ్బంది ఏంటంటే మూడో రాత్రి ఏమీ జరగకూడదు. నీళ్ళు తగ్గడం మొదలవుతాయి, ఇంక భయం పోవాలి, అక్కడే పెరగాలి. తగ్గే నీళ్ళతో భయపెట్టడం ఎలా? వరద తగ్గాక గోడ మీద మిగిలే బురద గీత ఉంటుంది కదా, ఒక్కో అంగుళం అది బయటపడుతుంటే దాని కింద ఏముందో చూపించాలి. ఇప్పటికి ఆ అధ్యాయం ఆరుసార్లు రాశాను.

ఎప్పుడు రాస్తారు, దేంతో రాస్తారు?

రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు. కాయ ఎక్కువ దిగే రోజుల్లో అదీ ఉండదు. ఫోన్లో తెలుగు కీబోర్డుతో, ఒక్కో రోజు 300 మాటలు, ఒక్కో రోజు సున్నా. వాయిస్ టైపింగ్ ట్రై చేశాను, గట్టు మీద నడుస్తూ చెప్దామని. "పిశాచం" అంటే ప్రతీసారీ "పి శాకం" అని కొట్టేది, నా భాష దానికి అర్థం కాదో ఏంటో, పైగా చీకట్లో గట్టు మీద ఒక్కడే నడుస్తూ "ఆమె మెడ నెమ్మదిగా వెనక్కి తిరిగింది" అని ఫోన్లో చెప్పుకుంటుంటే ఎదురొచ్చిన కాయ దింపే కార్మికుడు సైకిల్ దిగి పక్కకి వెళ్ళిపోయాడు. మానేశాను.

గోదావరి అంటే అందం కదా, పచ్చదనం, పూతరేకులు, పులస... దెయ్యాలెందుకు?

ఆయ్, అందమేనండి. మీరు దిండిలో హౌస్‌బోటు ఎక్కి ఫొటోలు దిగి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతారు, అందమే. జులైలో ఎర్రనీరు వచ్చాక ఒక్క రాత్రి గట్టు పక్కన ఇంట్లో పడుకుని చూడండి. వరదప్పుడు ఏట్లో నీళ్ళు మన ఇంటి చూరు కంటే ఎత్తులో పోతుంటాయి, మధ్యలో ఉన్నది మట్టిగట్టు ఒక్కటే. భద్రాచలంలో పెరిగిందంటే మర్నాటికి మన వంతని తెలుసు. 2022 జులైలో అక్కడ 71 అడుగులు దాటింది, ఇక్కడ కుర్రాళ్ళం టార్చిలైట్లు పట్టుకుని రాత్రంతా గట్టు మీద తిరిగాం, ఎక్కడ ఊట వస్తుందా, ఎక్కడ బుడగ లేస్తుందా అని, ఇసక బస్తాలు వేస్తూ. నీళ్ళు కొండల్లో లాగా అరుచుకుంటూ రావు ఇక్కడ. చప్పుడు ఉండదు. మీరు మాట్లాడుతూ ఉండగా వెనక్కి తిరిగి చూస్తే ఇందాక ఉన్న మెట్టు ఉండదు. హారర్ రాసేవాడికి ఇంతకంటే మంచి ఊరు ఎక్కడ దొరుకుద్ది? కొండ మీద పాడుబడ్డ బంగళా నాకెందుకు, మాకసలు కొండే లేదు.

యాసలో రాస్తున్నారా?

మనుషులు మాట్లాడుకునేవి మా మాటలే, కథ చెప్పేది మామూలు వాడుక భాషలో. మొత్తం యాసలో రాస్తే సినిమాల పుణ్యమా అని జనం నవ్వడానికి రెడీ అయిపోతున్నారు, గోదావరోళ్ళు మాట్లాడితే ఎటకారమే అనుకుంటారు. నాకు ఆ నవ్వు కొంచెం కావాలి. డాబా మీద మొదటి రాత్రి అందరూ జోకులే వేసుకుంటారు. మూడో రాత్రి అదే జోకు ఎవరో మళ్ళీ వేస్తారు, అదే గొంతుతో, మాట పొల్లుపోకుండా. ఎవరూ నవ్వరు.

రీసెర్చ్ ఏమన్నా చేశారా?

ముసలాళ్ళతో కూర్చోడమే. లంకల్లోకి వెళ్ళి అడిగాను, వరద తర్వాత వాసన ఎలా ఉంటుంది, పాములు మనుషులున్న చోటికే ఎక్కొస్తే ఏం చేశారు, మంచినీళ్ళు ఎలా, ఆడవాళ్ళు బయటికెళ్ళడం ఎలా. ఈ ఆఖరిది ఏ పుస్తకంలోనూ ఉండదు, రెండు రోజులు ఒకే డాబా మీద మగాళ్ళ మధ్య ఎలా గడిపారో చెప్తూ ఒకావిడ, ఎనభై దగ్గరుంటాయి, చీర చాటు పట్టిన సంగతి చెప్పి నవ్వేసింది, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఒక్క అధ్యాయం మొత్తం ఆవిడ పెట్టిన భిక్ష.

కనకాయలంక కాజ్‌వే మునిగినప్పుడు చాకలిపాలెం వైపు నిలబడి పడవ మీద దాటేవాళ్ళని చూశాను రెండు రోజులు. పడవ వాడు ఎక్కేటప్పుడు తలలు లెక్కపెడతాడు, దిగేటప్పుడు పెట్టడు.

ఇంట్లో వాళ్ళు ఏమంటున్నారు?

అమ్మ దిష్టి తీస్తుంది, ప్రతీ అమావాస్యకీ. నాన్న "ఆ వరద గురించి రాస్తే గవర్నమెంటోళ్ళు ఏమన్నా అంటారేమో" అంటాడు. మా ఆవిడ "డబ్బులొస్తాయా" అని ఒక్కసారే అడిగింది, నా మొహం చూసి మళ్ళీ అడగలేదు. మా అమ్మాయి ఆరో క్లాసు, అది మాత్రం రోజూ అడుగుద్ది, "నాన్నా ఎర్రచారల గౌను పిల్ల మంచిదా చెడ్డదా" అని. నేను దానికి ఆ పిల్ల గురించి ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు.

ఎప్పుడొస్తుంది, ఎవరు వేస్తున్నారు?

వచ్చే వానాకాలం లోపు రాయడం అవ్వాలి. ఒక పబ్లిషర్‌కి మొదటి అయిదు అధ్యాయాలు పంపిస్తే "హారర్ ఇప్పుడెవరు చదువుతారండి, ప్రేమకథ ఉంటే పంపండి" అన్నారు, బాధ లేదు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. సొంతంగా వేసుకుంటాను, మొదట 300 కాపీలు. ఐఎస్‌బీఎన్, అదే పుస్తకానికిచ్చే నంబరు, మన దేశంలో ఫ్రీగానే ఇస్తారు, అప్లై చేసుకోవడమే, దానికి డబ్బులడిగేవాళ్ళని నమ్మకండి. కాపీరైటు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు, రాసిన క్షణం నుంచే హక్కు మనదే, రిజిస్ట్రేషన్ ఇష్టమైతే చేయించుకోవచ్చు.

తలనొప్పి ఎక్కడంటే ఫాంటు. నేను రాసేది యూనికోడ్, అంటే ఫోన్లో ఉండే మామూలు తెలుగు, ప్రెస్సుల్లో ఇంకా అను ఫాంట్లు, వాటి పద్ధతి వేరు. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. శాంపిల్‌గా పది పేజీలు మార్పించి చూస్తే ప్రతీ "దెయ్యం" కాస్తా "దెయం" అయి కూర్చుంది. మొత్తం ప్రూఫు నేనే చూసుకోవాలి, పద్దులు చూసే కళ్ళు కాబట్టి పర్వాలేదు. కుదిరితే జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి ఎవరి స్టాల్లో అయినా ఒక మూల పెట్టించాలని ఉంది.

దీని తర్వాత ఏంటి?

కాకినాడ దగ్గర కోరంగి. ఇప్పుడు వెళ్తే మడ అడవిలో చెక్క దారి, తెల్లమడ, నల్లమడ, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు, అదృష్టముంటే బావురుపిల్లి అడుగులు. కానీ ఒకప్పుడు పెద్ద రేవు అది, ఓడలు కట్టేవాళ్ళు. 1789లో ఒక ఉప్పెన, మళ్ళీ 1839 నవంబర్లో ఇంకోటి, రేవు ఇంక లేవలేదు. సైక్లోన్ అన్న మాట ఉంది కదా, కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన 1840ల్లో పుట్టించాడు, చుట్ట చుట్టుకున్న పాము అన్న అర్థం వచ్చే గ్రీకు మాటలోంచి, ఈ తీరం తుఫాన్లని చదివినవాడే ఆయన. బర్మా వెళ్ళిన మనోళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు, ఏ ఊరివాడైనా సరే. చూడండి, ఊరు మునిగిపోయింది, పేరు మాత్రం సముద్రం దాటి ఎవరెవరి ఒంటి మీదో తిరిగింది. రంగూన్‌లో ఒక కూలీ, కోరంగి ఎప్పుడూ చూడనివాడు, అతనికి ఆ రేవు కలలోకి రావడం మొదలవుతుంది. అంతవరకే ఉంది నా దగ్గర. తొందర లేదు.

నేను కూడా హారర్ రాద్దామనుకుంటున్నా, సలహా ఇస్తారా?

పుస్తకం పూర్తి కానివాడి సలహా ఎందుకండీ. ఒక్కటి చెప్తా, అమావాస్య, నక్క ఊళ, కీచుమన్న తలుపు, ఈ మూడూ వాడకుండా ఒక పేజీ రాసి చూడండి. మీ ఇంట్లో చీకట్లో మీరు దేన్ని తడుముకుంటారో అది రాయండి. నాకది స్విచ్‌బోర్డు పక్కన తగిలించిన తడి తువ్వాలు.

సినిమాకి ఇస్తారా?

ముందు ఏడో అధ్యాయంలో, సారీ, ఆరున్నొకటో అధ్యాయంలో అచ్చుతప్పులు దిద్దుకోనివ్వండి.

ఆఖరికి ఆ పద్దెనిమిదో మనిషి ఎవరు?

చెప్పను. కానీ ఒక సాయం కావాలి. మీ ఇళ్ళల్లో ఎనభయ్యారు వరదలో డాబా మీదో, గట్టు మీదో, బడి మీదో ఉన్నవాళ్ళుంటే, ఎంతమంది ఉన్నారో అడిగి పెట్టండి. ఇద్దరుంటే ఇద్దర్నీ విడివిడిగా అడగండి, ఒకరి ముందు ఒకర్ని కాదు, సర్దేసుకుంటారు. అంకె ఒక్కటే చాలు, పేర్లు అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు ఉండదు, అప్పుడు ఖాళీగా ఉంటాను. ఇప్పటికి పదకొండు ఇళ్ళ నుంచి వచ్చాయి, పద్దు పుస్తకంలో రాస్తున్నా, ఒక్క ఇంట్లోనూ ఇద్దరి అంకె కలవలేదు.